రిపోర్టు అందరూ అడుగుతారు, నిర్ణయం మాత్రం ముందే అయిపోయి ఉంటుంది. రీసెర్చ్ లైబ్రరీల్లో డేటాకి అడ్డం పడేది ఏంటి?

నివేదిక
రీసెర్చ్ లైబ్రరీలో అసెస్‌మెంట్ పోస్టులో (అంటే లైబ్రరీ వాడకం, సేవలు ఎలా ఉన్నాయో లెక్కగట్టే పని) ఈమధ్యే చేరానండీ. పని వివరణ చదివితే భలే ఉంటుంది, "డేటా ఆధారంగా నిర్ణయాలకి తోడ్పడటం" అని. జరిగేది మాత్రం ఒక్కో సెక్షన్ చుట్టూ తిరిగి లెక్కలు అడుక్కోవడం, అవన్నీ ఒక పెద్ద షీట్‌లో ఎక్కించడం, ఏడాది చివర పైకి పంపడం, ఆ తర్వాత దాన్ని ఎవరు తెరిచారో దేవుడికే తెలియాలి. మొన్న ఒక డేటాబేస్ రెన్యూవల్ మీద మీటింగ్ అంటే వాడకం గ్రాఫులు వేసుకుని వెళ్ళాను, అందరూ చూసి "చాలా బాగుంది, ఫైల్‌లో పెట్టండి" అన్నారు, తీరా చూస్తే సంతకాలు అంతకు ముందు వారమే అయిపోయాయి. మా దగ్గర టూల్స్ లేక కాదు, డాష్‌బోర్డ్ ఉంది, డేటా కుప్పలు కుప్పలుగా ఉంది. మరి తేడా ఎక్కడ కొడుతోంది? డేటా చూసి నిర్ణయం నిజంగా మారిన సందర్భం మీలో ఎవరైనా చూశారా?

పాతకాపు
పెళ్ళయ్యాక జాతకాలు చూడటం అంటారు దీన్ని :) నేను చాలా ఏళ్ళు బడ్జెట్ వైపు పనిచేశాను కాబట్టి చెప్తున్నా, మీరు చెప్పినదాంట్లో సగం క్యాలెండర్ సమస్య. జర్నల్ ప్యాకేజీ ఆపాలంటే పబ్లిషర్‌కి నోటీసు ఏడాది ముగియడానికి కొన్ని నెలల ముందే వెళ్ళాలి, పైగా మూడేళ్ళ ఒప్పందం అయితే మధ్యలో కదిలే వీలే ఉండదు. మీ లెక్కలేమో డిసెంబర్ దాకా కట్టి జనవరి చివర్లో వస్తాయి. అంటే మీ రిపోర్టు బయటికి వచ్చేసరికి ఆ ఏడాది తలుపు మూసేసి ఉంటుంది, వచ్చే ఏడాదికి అది పాతబడిపోతుంది. ముందు ఏ నిర్ణయం ఏ నెలలో, ఎవరి బల్ల మీద అవుతుందో కనుక్కోండి. మీటింగ్‌లో అయ్యేది చాలాసార్లు ప్రకటన మాత్రమే.

సందేహం
లైబ్రరీ సైన్స్‌లో రీసెర్చ్ చేస్తున్నా, నా టాపిక్ కూడా దాదాపు ఇదే. నేను చదివినంతలో అందరూ "కల్చర్ ఆఫ్ అసెస్‌మెంట్ రావాలి" అంటారు కానీ ఆ కల్చర్ అంటే రోజువారీ పనిలో ఏం కనబడాలో ఎవరూ చెప్పరు. పైవాళ్ళ ఆసక్తి, స్టాఫ్ స్కిల్స్, టైమ్, సిస్టమ్స్ అని ఒక లిస్టు ఇస్తారు అంతే. వీటిలో నిజంగా బరువైనది ఏది?

పాతకాపు
సందేహం గారూ, పైవాళ్ళ ఆసక్తి అనే మాట వదులుగా ఉంది. ఆసక్తి అందరికీ ఉంటుంది. డైరెక్టర్ ప్రశ్న అడుగుతారా, లేక రిపోర్టు అడుగుతారా అన్నది చూడండి. "గత ఏడాది లెక్కలు పంపండి" అంటే అది రిపోర్టు. "ఈ రెండు ప్యాకేజీల్లో ఒకటే ఉంచగలిగితే ఏది, ఎందుకు?" అంటే అది ప్రశ్న. ప్రశ్న అడిగే చోట కింద ఉన్నవాళ్ళకి స్కిల్స్ వాటంతటవే వస్తాయి, ఎక్సెల్ రాని మనిషి కూడా పక్కవాళ్ళని పట్టుకుని నేర్చుకుంటాడు. రిపోర్టు అడిగే చోట ఎంత ట్రైనింగ్ ఇచ్చినా రంగురంగుల చార్టులే వస్తాయి.

ఇంకో సంగతి, ఈ రిపోర్టు అలవాటు మనకి ఈ మధ్య వచ్చింది కాదు. అమెరికాలో యూనివర్సిటీ లైబ్రరీల లెక్కలు 1907-08 నుంచే పోగుచేశారు, గెరౌల్డ్ అనే లైబ్రేరియన్ మొదలుపెట్టాడు, తర్వాత 1961-62 నుంచి ఏఆర్ఎల్ (రీసెర్చ్ లైబ్రరీల సంఘం) ఏటా వేస్తోంది. దశాబ్దాల పాటు అందులో పెద్ద అంకె ఏది? ఎన్ని సంపుటాలు ఉన్నాయి, ఎన్ని కొత్తగా చేర్చారు, ఎంత ఖర్చుపెట్టారు, ఎంతమంది స్టాఫ్. ఎవరైనా చదివారా అన్నది కాదు. సంఘంలో చోటు, ర్యాంకు ఆ సైజు మీద నడిచినప్పుడు ఏ డైరెక్టర్ అయినా షెల్ఫ్ ఖాళీ చేద్దాం అంటాడా? బయట నుంచి అడిగే లెక్కే లోపలి బుర్రని తయారుచేస్తుంది.

కౌంటర్_రిపోర్టు
ఈ-రిసోర్సెస్ చూసుకునేది నేనే, చిన్న గోడు వినండి. ఈ-జర్నల్స్ వాడకాన్ని పబ్లిషర్లు ఎలా లెక్కపెట్టి చూపించాలో చెప్పే కౌంటర్ (COUNTER) ప్రమాణం 2019 జనవరి నుంచి రిలీజ్ 5 కి మారింది కదా. అంతకు ముందు రిలీజ్ 4 లో ఒకడు ఆర్టికల్ హెచ్‌టీఎంఎల్‌లో తెరిచి, నచ్చి పీడీఎఫ్ దించుకుంటే రెండు వాడకాలుగా లెక్క. కొన్ని ప్లాట్‌ఫారాల్లో లింకు నొక్కగానే హెచ్‌టీఎంఎల్ పేజీయే ముందు తెరుచుకుంటుంది, అంటే పీడీఎఫ్ కావాల్సిన ప్రతివాడూ రెండుసార్లు లెక్కలోకి వచ్చేవాడు. రిలీజ్ 5 లో "యూనిక్ ఐటమ్ రిక్వెస్ట్స్" అని వేరే లెక్క వచ్చింది, అదే సెషన్‌లో అదే ఆర్టికల్‌ని ఎన్ని రూపాల్లో తెరిచినా ఒకటే. మా కమిటీలో పాత కాలమ్ పక్కన కొత్త కాలమ్ పెట్టి గ్రాఫ్ గీశారు, గీత ఢమాల్ మని కిందికి దిగింది, "చూశారా వాడకం పడిపోయింది" అని ఒక పెద్దాయన మొదలుపెట్టేశారు. వాడకం అక్కడే ఉందండీ బాబూ, లెక్కపెట్టే పద్ధతి మారింది!! ఆ గదిలో ఈ తేడా తెలిసిన మనిషి ఒక్కరు కూడా లేరు, ఎందుకంటే మా సెక్షన్‌ని ఆ మీటింగ్‌కి పిలవరు, షీట్ మాత్రం తీసుకెళ్తారు.

ఇది చదువు లోపం కాదు, సీటు ఎవరికి ఉంది అన్న సమస్య.

గేటు_దగ్గర
సర్క్యులేషన్ నుంచి ఒక మాట. మా గేటు కౌంటర్ లోపలికి వచ్చినా బయటికి పోయినా కిరణం తెగగానే ఒకటి వేస్తుంది, రెండుతో భాగించాలి. కొన్నేళ్ళు భాగించారు, తర్వాత కొత్త గేటు వచ్చింది, అది లోపలికి వచ్చేవాళ్ళనే లెక్కపెడుతుంది, అయినా కొన్నాళ్ళు భాగిస్తూనే పోయారు ఎందుకంటే షీట్‌లో ఫార్ములా అలా ఉంది. ఇంకోసారి రిపేర్ల కోసం మెయిన్ డోర్ మూసి పక్క తలుపు తెరిచారు, పక్క తలుపుకి సెన్సరే లేదు. ఇవన్నీ మాకు తెలుసు, డెస్క్ దగ్గర కూర్చునే వాళ్ళకి. పైకి వెళ్ళే షీట్‌లో "గమనిక" అనే కాలమ్ ఉంటేగా రాయడానికి?

ఇంకోటి కూడా. రిఫరెన్స్ డెస్క్‌లో ఎవరైనా ఏదైనా అడిగితే టిక్కు పెట్టాలి. టిక్కులు తక్కువున్న షిఫ్ట్ ఎత్తేస్తారని పుకారు వచ్చిన నెల చూడాల్సింది, "బాత్రూం ఎటు" అన్నవాడికి కూడా టిక్కే 😀

మధ్యస్థం
> టిక్కులు తక్కువున్న షిఫ్ట్ ఎత్తేస్తారని పుకారు వచ్చిన నెల

ఇదే క్యాంప్‌బెల్ సూత్రం, డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల్లోనే చెప్పాడు. ఒక అంకెని పట్టుకుని మనుషుల మీద నిర్ణయాలు తీసుకోవడం మొదలైతే ఆ అంకే చెడిపోతుంది, అది కొలవాల్సిన పని కూడా చెడిపోతుంది అని. డెస్క్ వాళ్ళని తప్పుపట్టక్కర్లేదు. డేటా మన మీదే తిరగబడుతుంది అనిపించిన చోట ఎవరూ నిజాయితీ లెక్క ఇవ్వరు, లైబ్రరీ అయినా ఇంకేదైనా. సందేహం గారు బరువైనది ఏదని అడిగారు, నన్నడిగితే ఈ భయం. పైవాళ్ళ ఆసక్తి కన్నా ఇదే ముందు.

మూడో_అంతస్తు
నేను సబ్జెక్ట్ లైబ్రేరియన్‌ని, హ్యుమానిటీస్, చిన్న చిన్న భాషల కలెక్షన్లు. మీరందరూ డేటా వాడటం లేదు అని బాధపడుతున్నారు, నాకేమో వాడతారేమో అని భయం. కాస్ట్ పర్ యూజ్ (ఖర్చుని వాడకంతో భాగిస్తే వచ్చేది) అనే ఒక్క అంకె చాలు మా కలెక్షన్‌ని లేపేయడానికి. కెమిస్ట్రీ జర్నల్ వారంలో వందలసార్లు తెరుస్తారు, నా దగ్గర ఒక నిఘంటువు ఏడాదికి ఇద్దరు వాడతారు, ఆ ఇద్దరిలో ఒకరి థీసిస్ మొత్తం దాని మీదే నిలబడుతుంది. పైగా చాలామంది షెల్ఫ్ దగ్గరే నిలబడి చూసి పెట్టేస్తారు, అది ఏ సిస్టమ్‌లోనూ పడదు. 1979లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ స్టడీ వచ్చింది గుర్తుందా, 1969లో కొన్న పుస్తకాల్లో దాదాపు 40 శాతం మొదటి ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఇష్యూ కాలేదు అని. అప్పుడు అదే యూనివర్సిటీ ఫ్యాకల్టీ కమిటీ లేచి ఆ లెక్క కట్టిన తీరు మీదే జవాబు రాసింది. రాయకేం చేస్తారు మరి. రీసెర్చ్ లైబ్రరీ ఉన్నదే ఎప్పుడో ఒక్కడికి అవసరం పడేదాని కోసం.

మధ్యస్థం
మూడో అంతస్తు గారూ, సగం ఒప్పుకుంటా. కెమిస్ట్రీని, చిన్న భాషని ఒకే గీత మీద పెట్టడం తప్పే, ఏ సబ్జెక్ట్‌ని ఆ సబ్జెక్ట్ లోపలే పోల్చాలి, సగటు కాకుండా పంపిణీ మొత్తం చూడాలి. కానీ "ఎప్పుడో ఒక్కడికి" అన్నది చాలా చోట్ల అసలు ఏ లెక్కా చూడకుండా ఉండటానికి డాలులా వాడతారు. ఆ 40 శాతంలో ఏవి ఎప్పుడో ఒక్కడికి పనికొచ్చేవి, ఏవి ఎవరికీ పనికిరానివి అన్నది తేల్చాలంటే కూడా డేటానే కావాలి కదండీ. ఇంటర్‌లైబ్రరీ లోన్‌లో మనవాళ్ళు బయట నుంచి ఏం తెప్పించుకుంటున్నారు, మన ఫ్యాకల్టీ పేపర్లలో ఏవి ఉదహరిస్తున్నారు, ఇవి పక్కన పెట్టి చూడండి, మీ నిఘంటువు అక్కడ తేలికగా నిలబడుతుంది.

మూడో_అంతస్తు
నిలబడుతుందేమో, కానీ ఆ రెండు లెక్కలు తియ్యడానికి నాకు టైమ్ ఎవరిస్తారు? కాస్ట్ పర్ యూజ్ బటన్ నొక్కితే వస్తుంది. పేపర్లలో ఏవి ఉదహరించారన్న లెక్క చేత్తో తియ్యాలి. సులువుగా దొరికిన అంకెదే ఎప్పుడూ గెలుపు, అది సరైన అంకె కాకపోయినా.

కౌంటర్_రిపోర్టు
ఈ పై మాట ఫ్రేమ్ కట్టించి పెట్టుకోవాలి 👆

లాగ్‌ఫైల్
సిస్టమ్స్ వైపు నుంచి. అందరూ "డేటా ఇవ్వండి" అని మా మీదే పడతారు కానీ ఒక్క ప్రశ్నకి సమాధానం కావాలంటే ఎన్ని తలుపులు కొట్టాలో చూడండి. ఇష్యూ రికార్డులు ఒక సిస్టమ్‌లో, ప్రాక్సీ లాగ్స్ (క్యాంపస్ బయట నుంచి ఈ-రిసోర్సులు తెరిచిన రికార్డులు) ఇంకోచోట, విద్యార్థి ఏ కోర్సు అన్నది రిజిస్ట్రార్ దగ్గర, మార్కులు వాళ్ళ దగ్గరే, ఖర్చు ఫైనాన్స్ దగ్గర, ప్రతి ఒక్కళ్ళకీ విభాగాల పేర్లు వేరు, ఐడీలు వేరు. వీటిని కలపడం టెక్నికల్‌గా ఒక మధ్యాహ్నం పని, పర్మిషన్లు తెచ్చుకోవడం మాత్రం సెమిస్టర్ పట్టినా ఆశ్చర్యం లేదు.

ఆ పర్మిషన్లు ఆలస్యం అవ్వడం అంతా చెడ్డది అని కూడా నేను అనను. ఎవరు ఏం చదివారో బయటపెట్టకపోవడం ఈ వృత్తిలో పాత నియమం, అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 2019లో తన లైబ్రరీ హక్కుల పత్రంలో ప్రైవసీ మీద విడిగా ఒక ఆర్టికల్ కూడా చేర్చింది, యూరప్‌లో 2018 నుంచి జీడీపీఆర్ (వ్యక్తిగత డేటా రక్షణ చట్టం) ఉంది. మా దగ్గర లాగ్స్‌లో యూజర్ పేరు కొంతకాలం తర్వాత చెరిపేస్తాం. అసెస్‌మెంట్ వాళ్ళకి అది నచ్చదు. "మూడేళ్ళ వెనక్కి వెళ్ళి విద్యార్థి వారీగా చూద్దాం" అంటారు, చూడలేరండీ, కావాలనే చూడలేకుండా చేశాం.

సందేహం
అయితే ఇంగ్లాండ్‌లో హడర్స్‌ఫీల్డ్ యూనివర్సిటీ వాళ్ళు ఎలా చేశారు? 2011లో వాళ్ళు ఇంకో ఏడు యూనివర్సిటీలతో కలిసి పుస్తకాల ఇష్యూలు, ఈ-రిసోర్సుల వాడకం, డిగ్రీ ఫలితం పక్కపక్కన పెట్టారు కదా, మొదటి రెండింటికీ ఫలితానికీ సంబంధం కనబడింది, లైబ్రరీ గేటు దాటి రావడానికి కనబడలేదు.

లాగ్‌ఫైల్
పేర్లు తీసేసి, కోర్సు, ఫలితం మాత్రం ఉంచి చేశారు, అది సాధ్యమే. కాకపోతే రిజిస్ట్రార్, ఐటీ, లైబ్రరీ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. చాలా చోట్ల ఆ బల్లే లేదు.

మధ్యస్థం
అది సంబంధం మాత్రమే, కారణం కాదు, ఆ ప్రాజెక్ట్ వాళ్ళే స్పష్టంగా చెప్పారు. బాగా చదివేవాడు ఎక్కువ పుస్తకాలు తీస్తాడా, ఎక్కువ తీసినందుకు బాగా చదువుతాడా అన్నది ఆ లెక్క చెప్పదు. కానీ పై ఆఫీస్‌కి స్లయిడ్ వెళ్ళేసరికి "లైబ్రరీ వల్ల మార్కులు పెరుగుతాయి" అయిపోతుంది చాలా చోట్ల. లైబ్రరీ తన విలువ నిరూపించుకోవాలి అన్న ఒత్తిడి ఉన్నంతకాలం ఇది ఆగదు. విలువ చూపించడానికి తీసే డేటా వేరు, ఏదైనా మార్చడానికి తీసే డేటా వేరు, రెండిటికీ ఒకే మనిషిని పెడతారు, ఆ మనిషి మంచి వార్త వైపే మొగ్గుతాడు పాపం.

నివేదిక
> రెండిటికీ ఒకే మనిషిని పెడతారు

ఆ మనిషిని నేనే 🙋 నా జాబ్ వివరణలో రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఇంకోటి అడగాలి, నేను రిపోర్ట్ చేసేది కమ్యూనికేషన్స్ హెడ్‌కి. ఇది మామూలేనా?

పాతకాపు
మామూలే, అదే జబ్బు. అసెస్‌మెంట్ మనిషి ప్రచార విభాగం కింద ఉంటే డేటా బ్రోచర్‌లోకి పోతుంది. ఐటీ కింద ఉంటే డాష్‌బోర్డ్ అవుతుంది. బడ్జెట్ నడిపే అసోసియేట్ డైరెక్టర్ కింద ఉంటే మాత్రం ఏదో ఒకరోజు నిర్ణయంలో పడుతుంది. నేను చూసినంతలో ఆర్గ్ చార్ట్‌లో ఆ పెట్టె ఎక్కడుందో చూస్తే ఆ లైబ్రరీలో డేటా ఏమవుతుందో సగం చెప్పేయొచ్చు.

మీరు మొదట అడిగారుగా, నిజంగా నిర్ణయం మారిందా అని. అందరికీ తెలిసిన పెద్ద ఉదాహరణ ఒకటుంది, 2019 ఫిబ్రవరి చివర యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పెద్ద జర్నల్ పబ్లిషర్ ఎల్సెవియర్‌తో చర్చలు తెంచుకుంది, మళ్ళీ ఒప్పందం కుదిరింది 2021 మార్చిలో. రెండేళ్ళు! చాలామంది దీన్ని డేటా గెలుపు అంటారు. తమ రచయితలు ఎంత పబ్లిష్ చేస్తున్నారు, ఎంత చదువుతున్నారు, ఎంత కడుతున్నారు అన్న లెక్కలు వాళ్ళ దగ్గర ఉన్నాయి నిజమే, కానీ అలాంటి లెక్కలు చాలా లైబ్రరీల దగ్గర ఉన్నాయి. వాళ్ళ దగ్గర అదనంగా ఉన్నది వెనక నిలబడ్డ ఫ్యాకల్టీ సెనేట్, పది క్యాంపస్‌లు ఒకే మాట మీద ఉండటం. లెక్క చూపించి తెల్లారేసరికి ప్రొఫెసర్ల కోపం ఒంటరిగా మోయాల్సి వస్తే ఏ లైబ్రేరియన్ అయినా నీళ్ళు నములుతాడు, రెన్యూవల్ సంతకం పెట్టేసి ఊరుకుంటాడు.

మూడో_అంతస్తు
దీనికి ఒక లైక్. ఫ్యాకల్టీ తోడుంటేనే లెక్కకి బలం అని నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా.

కౌంటర్_రిపోర్టు
ఇంకో చిన్న ఉదాహరణ చెప్పనా, పెద్ద పెద్ద యుద్ధాలు కాకుండా. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ (సియాటిల్) లైబ్రరీలు 1992 నుంచి మూడేళ్ళకోసారి ఫ్యాకల్టీని, విద్యార్థుల్ని సర్వే చేస్తూ వచ్చాయి. ప్రశ్నలు కొన్ని అలాగే ఉంచారు కాబట్టి జనం బిల్డింగ్‌కి రావడం నుంచి ఆన్‌లైన్‌కి మళ్ళడం వాళ్ళకి సొంత గీత మీద కనబడింది. గొప్ప టూల్ ఏమీ కాదది, సర్వే. గొప్పతనం అంతా ఆపకుండా చెయ్యడంలో ఉంది. మా దగ్గర కొత్త హెడ్ వచ్చినప్పుడల్లా కొత్త సర్వే, కొత్త స్కేలు, పాతదానితో పోల్చడానికి వీల్లేదు, అలా మూడు హెడ్‌లు మారేసరికి మా దగ్గర మూడు ఫోటోలు ఉన్నాయి గానీ సినిమా లేదు.

సందేహం
లిబ్‌క్వాల్ అనే లైబ్రరీ సర్వే దానికోసమే కదా? 2000లో మొదలైంది, 22 ప్రశ్నలు, అందరికీ అవే, కనీసం ఎంత కావాలి, ఎంత ఉంటే బాగుంటుంది, ఇప్పుడు ఎంత ఉంది అని ఒక్కో ప్రశ్నకి మూడు మార్కులు.

గేటు_దగ్గర
మా దగ్గర చేశారు అది. ఒక్కో ప్రశ్నకి మూడుసార్లు మార్కు వెయ్యమంటే పిల్లలు సగంలో వదిలేసి పోయేవాళ్ళు. కానీ చివర రాసే కామెంట్స్ బంగారం. "గ్రూప్ రూమ్‌లో చార్జింగ్ ప్లగ్ లేదు" అని ఎంతమంది రాశారో, దాని మీద మాత్రం వెంటనే పని జరిగింది. ఎందుకో తెలుసా, ప్లగ్ పెట్టించడానికి ఏ కమిటీ అక్కర్లేదు, బిల్డింగ్ చూసుకునే ఆయన చేతిలో పని.

మధ్యస్థం
గేటు దగ్గర గారు మాట వరసకి అన్నట్టున్నారు కానీ అసలు పాయింట్ అక్కడే ఉంది. ప్లగ్ లెక్క చూసినవాడూ, ప్లగ్ పెట్టించేవాడూ ఒక్కడే. జర్నల్ లెక్క చూసేది ఒకరు, సంతకం పెట్టేది ఇంకొకరు, తిట్లు తినేది మూడోవాళ్ళు. అందుకే ప్లగ్‌లు మారతాయి, ప్యాకేజీలు మారవు.

నివేదిక
ఇవన్నీ చదివాక మా అక్విజిషన్స్ (కొనుగోళ్ళు) ఆవిడ దగ్గరికి వెళ్ళి కూర్చున్నా. ఏ రెన్యూవల్ ఎప్పుడు, నోటీసు గడువు ఎప్పుడు అని అడిగితే ఆవిడ డ్రాయర్‌లోంచి చేత్తో రాసిన ఒక నోట్‌బుక్ తీసింది!! అన్ని గడువులూ అందులోనే ఉన్నాయి, సిస్టమ్‌లో కాదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదంట. ఆ తేదీల ప్రకారం ఇప్పుడు నా పని తిరగేసి పెట్టుకుంటున్నా, ఏడాది చివర పెద్ద షీట్ కాకుండా గడువుకి రెండు నెలల ముందు ఒక్క పేజీ. ఆ పేజీలో ఏముండాలి మీ ఉద్దేశంలో?

పాతకాపు
అంకెలు తర్వాత చూద్దురు గానీ, పేజీ తయారుచేసే ముందే నిర్ణయం తీసుకునే మనిషి దగ్గరికి వెళ్ళి ఒకటి అడగండి, "ఏ అంకె ఎంత వస్తే మీరు దీన్ని వద్దంటారు?" అని. జవాబు చెప్తే అది కాగితం మీద రాసుకోండి, తర్వాత మాట మార్చడం కష్టం. "ఎంత వచ్చినా ఉంచాల్సిందే" అంటే గొడవే లేదు, ఆ ప్యాకేజీ మీద మీ టైమ్ వృథా చేసుకోకండి, వేరేదానికి వెళ్ళండి. రాజకీయంగా కదలనివి కొన్ని ఉంటాయి, వాటిని ముందే గుర్తుపడితే ప్రాణం హాయి.

కౌంటర్_రిపోర్టు
పేజీలో యూనిక్ రిక్వెస్ట్స్ పెట్టండి, టోటల్ కాదు. పక్కనే టర్న్‌అవేలు, అంటే మనకి యాక్సెస్ లేక వెనక్కి పోయినవి, వేరే ప్యాకేజీకి ఆ డబ్బు పెడితే ఎంతమందికి ఉపయోగమో అది చెప్తుంది. ఇంకా ఆ జర్నల్స్‌లో ఎంత భాగం ఇప్పటికే ఓపెన్ యాక్సెస్‌లో (అందరికీ ఉచితంగా) దొరుకుతోందో. 2025 నుంచి రిలీజ్ 5.1 వచ్చింది కాబట్టి పాత నెలలతో కలిపే ముందు ఒకసారి నిర్వచనాలు చూసుకోండి, మా కమిటీ కథ మీ దగ్గర రిపీట్ అవ్వకుండా.

మూడో_అంతస్తు
ఒక లైను సబ్జెక్ట్ లైబ్రేరియన్‌కి వదలండి. "ఇది ఎవరు వాడతారు, పోతే వాళ్ళు ఏం చేస్తారు" అని. నేనైతే రాస్తాను, ఎంత పని ఉన్నా.

గేటు_దగ్గర
గమనిక కాలమ్!

నివేదిక
పెట్టేశా గేటు దగ్గర గారూ, అన్నిటికన్నా ముందు అదే పెట్టా :)

సందేహం
ఒకటి మిగిలిపోయింది. నివేదిక గారు రేపు ఇంకో ఉద్యోగానికి వెళ్ళిపోతే ఈ పేజీ ఏమవుతుంది? నేను ఇంటర్వ్యూ చేసిన చోట్ల అసెస్‌మెంట్ మనిషి వెళ్ళగానే అన్నీ ఆగిపోయాయి.

లాగ్‌ఫైల్
నోట్‌బుక్‌లోని తేదీలు అక్విజిషన్స్ సిస్టమ్‌లో ఎక్కించి, రిమైండర్ ఆ పోస్టు పేరు మీద పెట్టండి, మనిషి పేరు మీద కాదు. కౌంటర్ లెక్కలు సుషి (వాటిని ఆటోమేటిక్‌గా తెచ్చే పద్ధతి) ద్వారా నెలనెలా వాటంతటవే దిగేలా చేయొచ్చు, చాలా సిస్టమ్స్‌లో ఆ సెట్టింగ్ ఉంది, ఎవరూ ఆన్ చెయ్యరంతే. మిగతాది, అంటే ఆ పేజీ చదివి ప్రశ్న అడగడం, దానికి నా దగ్గర సెట్టింగ్ లేదు.